జిమ్ థోర్ప్

జేమ్స్ ఫ్రాన్సిస్ థోర్ప్ లేదా జిమ్ థోర్ప్ (1887 మే 22 - 1953 మార్చి 28) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ క్రీడాకారుడు. ఇతడు సాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసి తెగకు చెందినవాడు. 1912లో స్టాక్‌హోంలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ పోటీలు రెండింటిలోను స్వర్ణపతకాలు సాధించాడు. అదే సంవత్సరం శరదృతువులో కార్లైల్ ఇండియన్ పాఠశాల తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. ఆ సీజన్‌లో ఆ జట్టు 14 పోటీలు ఆడి 12 గెలిచింది, ఒకటి ఓడిపోయింది, ఒకటి సమం చేసుకుంది. ఆ సీజన్ ముగిసిన కొద్ది వారాలకే ఇతని ఒలింపిక్ పతకాలు రద్దయ్యాయి. వాటిపై ఇతని హక్కు పూర్తిగా తిరిగి దక్కడానికి 2022 వరకు పట్టింది. ఇతడు బేస్‌బాల్, వృత్తి ఫుట్‌బాల్ క్రీడలలో కూడా అత్యున్నత స్థాయిలో ఆడాడు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌గా పేరు మారిన సంస్థకు మొదటి అధ్యక్షుడు ఇతడే.

ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అనగా అమెరికన్ ఫుట్‌బాల్. మన దేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను అమెరికాలో సాకర్ అంటారు. అలాగే ఇక్కడ ఇండియన్ అనే మాట భారతీయులను ఉద్దేశించినది కాదు. ఐరోపావాసులు రాకముందు నుండి అమెరికా ఖండంలో నివసిస్తున్న ఆదివాసులను ఆ పేరుతో పిలిచేవారు. పూర్వపు తెలుగు పుస్తకాలలో వీరినే రెడ్ ఇండియన్లు అని వ్రాసారు.

బాల్యం, కుటుంబం

థోర్ప్ ఇండియన్ టెరిటరీలో, నేటి ఓక్లహోమా రాష్ట్రంలోని ప్రేగ్ అనే ఊరికి సమీపంలో జన్మించాడు. పుట్టిన తేదీ విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. మే 22 అని కొందరు, మే 28 అని కొందరు వ్రాసారు. ఇతని తండ్రి హైరమ్ థోర్ప్. హైరమ్ తండ్రి ఐరిష్ సంతతివాడు, తల్లి సాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందినది. జిమ్ తల్లి షార్లెట్ వ్యూ. ఈమెలో ఫ్రెంచి, పొటవాటమి తెగల రక్తం కలిసి ఉంది. తల్లి కాథలిక్ కావడంవలన జిమ్‌కు ఆ మతాచారం ప్రకారం జ్ఞానస్నానం జరిగింది. తెగ ఆచారం ప్రకారం ఇతనికి పెట్టిన పేరు వా-థో-హుక్. దీనికి వెలుగు బాట అని స్థూలంగా అర్థం చెబుతారు.

జిమ్‌కు చార్లీ అనే కవల సోదరుడు ఉండేవాడు. ఇద్దరూ కలిసి తెగ పిల్లల కొరకు నడిపే ప్రభుత్వ పాఠశాలకు వెళ్ళేవారు. సుమారు తొమ్మిదేళ్ళ వయసులో చార్లీ న్యుమోనియాతో మరణించాడు. ఆ తరువాత జిమ్ బడిలో నిలువలేకపోయాడు, పలుమార్లు పారిపోయి ఇంటికి వచ్చేసేవాడు. తండ్రి ఇతనిని కాన్సాస్ రాష్ట్రంలోని హాస్కెల్ విద్యాసంస్థకు పంపాడు. ఫుట్‌బాల్ ఆటను ఇతడు మొదట దగ్గరగా చూసినది అక్కడే. కొంతకాలానికి తల్లి ప్రసవ సమయంలో తలెత్తిన ఇబ్బందులవలన మరణించింది. 1904లో జిమ్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ పాఠశాలలో చేరాడు. ఆ తరువాత కొద్దికాలానికే తండ్రి కూడా మరణించడంతో ఇతడు అనాథ అయ్యాడు.

కార్లైల్ పాఠశాల

కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూలును 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి స్థాపించాడు. పాత సైనిక శిబిరం భవనాలలోనే పాఠశాల నడిచేది. ఆదివాసి పిల్లలను తల్లిదండ్రులకు, తెగకు దూరంగా ఉంచి, వారి భాషను, వేషాన్ని, ఆచారాలను మాన్పించి, తెల్లవారి జీవన విధానానికి అలవాటు చేయడం ఈ సంస్థ ఉద్దేశ్యం. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవారు, కొత్త పేర్లు పెట్టేవారు, సైనిక దుస్తుల వంటి దుస్తులు తొడిగేవారు. సొంత భాషలో మాట్లాడడం నిషేధం. సగం దినం చదువు, సగం దినం చేతిపని. కొంతకాలం తెల్లవారి పొలాలకు, ఇళ్ళకు పనికి పంపే పద్ధతి కూడా ఉండేది. థోర్ప్ కూడా ఈ విధంగా పొలాలలో పనిచేసాడు. పలు తెగలకు చెందిన వేలమంది పిల్లలు ఈ పాఠశాలకు వచ్చారు. వ్యాధులవలన అక్కడే మరణించినవారు కూడా అనేకులు. పాఠశాల శ్మశానంలో 180కి పైగా సమాధులుండేవి.

కార్లైల్ నిజానికి కళాశాల కాదు. అక్కడ చెప్పినది ప్రధానంగా ప్రాథమిక, మాధ్యమిక స్థాయి చదువు, వృత్తి విద్య. అయినా దాని ఫుట్‌బాల్ జట్టు హార్వర్డ్, పెన్సిల్వేనియా వంటి పేరుపొందిన విశ్వవిద్యాలయాల జట్లతో తలపడేది. ఈ పోటీలు ఎక్కువగా ప్రత్యర్థుల మైదానాలలోనే జరిగేవి. పెద్ద నగరాలలో ప్రేక్షకుల టిక్కెట్ల ద్వారా వచ్చే సొమ్ములో వాటా పాఠశాల క్రీడల నిధికి చేరేది. ఆ విధంగా ఫుట్‌బాల్ జట్టు పాఠశాలకు పేరుతోబాటు ఆదాయాన్ని కూడా తెచ్చిపెట్టింది.

జట్టు శిక్షకుడు గ్లెన్ వార్నర్. ఇతడు పాప్ వార్నర్ అనే పేరుతో ప్రసిద్ధుడు. కార్లైల్ ఆటగాళ్ళు సాధారణంగా ప్రత్యర్థులకంటే బరువు తక్కువగా ఉండేవారు. అప్పటి ఫుట్‌బాల్‌లో బరువైన ఆటగాళ్ళు గుంపుగా తోసుకుంటూ ముందుకు వెళ్ళడమే ప్రధాన వ్యూహం. అందువలన వార్నర్ వేగం మీద, యుక్తి మీద ఆధారపడే ఆటను రూపొందించాడు. 1906లో బంతిని ముందుకు విసిరే ఫార్వర్డ్ పాస్‌ను నియమావళి అనుమతించగా, దానిని మరుసటి ఏడాదే సమర్థంగా వాడుకున్న జట్లలో కార్లైల్ ఒకటి.

1907లో థోర్ప్ మైదానం పక్కగా వెళ్తూ, హైజంప్ సాధన చేస్తున్న వారిని చూసి, ఒంటిమీద ఉన్న పని దుస్తులతోనే 5 అడుగుల 9 అంగుళాల ఎత్తు దూకాడని, ఆ సంగతి తెలిసి వార్నర్ ఇతనిని అథ్లెటిక్స్ జట్టులో చేర్చుకున్నాడని ప్రతీతి. ఫుట్‌బాల్‌లో దెబ్బలు తగిలితే మంచి అథ్లెట్ చెడిపోతాడని వార్నర్ మొదట వెనుకాడాడు. థోర్ప్ పట్టుబట్టడంతో ఒప్పుకున్నాడు.

బేస్‌బాల్ ఆడిన రెండు వేసవులు

1909లో థోర్ప్ కార్లైల్ వదిలి నార్త్ కరొలైనా రాష్ట్రం వెళ్ళాడు. అక్కడ ఈస్టర్న్ కరొలైనా లీగ్ అనే చిన్నస్థాయి బేస్‌బాల్ లీగ్‌లో రాకీ మౌంట్ జట్టు తరఫున ఆడాడు. 1910లో కూడా అదే లీగ్‌లో ఆడాడు. ఇందుకు ఇతనికి స్వల్ప మొత్తంలో సొమ్ము ముట్టింది. ఆ రోజులలో కళాశాల ఆటగాళ్ళు వేసవి సెలవులలో సొమ్ము తీసుకుని బేస్‌బాల్ ఆడడం సర్వసాధారణం. అయితే ఔత్సాహికులమనే పేరు పోకుండా వారిలో చాలామంది మారుపేర్లతో ఆడేవారు. థోర్ప్ తన అసలు పేరుతోనే ఆడాడు. స్థానిక పత్రికలలో ఆటల వివరాలతోబాటు ఇతని పేరు అచ్చయింది. తరువాతి కాలంలో ఇతని జీవితాన్ని తారుమారు చేసినది ఈ రెండు వేసవుల ఆటే.

1911 సీజన్

1911లో థోర్ప్ తిరిగి కార్లైల్ చేరాడు. ఆ సంవత్సరం జట్టు 11 పోటీలు గెలిచి, సిరక్యూజ్ జట్టుతో మాత్రం 12-11 తేడాతో ఓడిపోయింది. నవంబరు 11న హార్వర్డ్‌తో జరిగిన పోటీ ఈ సీజన్‌కు శిఖరం వంటిది. అప్పటి నియమాల ప్రకారం టచ్‌డౌన్‌కు 5 పాయింట్లు, బంతిని గోలు కొయ్యల మధ్యనుంచి తన్నే ఫీల్డ్ గోల్‌కు 3 పాయింట్లు. హార్వర్డ్ మొదట తన ప్రధాన ఆటగాళ్ళను కాక అదనపు ఆటగాళ్ళను బరిలోకి దింపింది. థోర్ప్ కాలి నొప్పితో బాధపడుతూనే నాలుగు ఫీల్డ్ గోల్స్ చేసాడు. చివరిది 40 గజాలకు పైగా దూరం నుండి తన్నినది. కార్లైల్ 18-15తో గెలిచింది. ఆ సంవత్సరం వాల్టర్ క్యాంప్ ప్రకటించిన ఆల్-అమెరికన్ జట్టులో థోర్ప్‌కు స్థానం లభించింది.

స్టాక్‌హోం ఒలింపిక్స్

1912 వేసవిలో థోర్ప్ అమెరికా ఒలింపిక్ జట్టుతో కలిసి స్వీడన్ రాజధాని స్టాక్‌హోం వెళ్ళాడు. కార్లైల్‌కే చెందిన హోపి తెగ యువకుడు లూయిస్ తెవానిమా కూడా అదే జట్టులో ఉన్నాడు. తెవానిమా 10,000 మీటర్ల పరుగులో రజత పతకం సాధించాడు.

పెంటాథ్లాన్‌లోని ఐదు అంశాలలో నాలుగింటిలో (లాంగ్ జంప్, 200 మీటర్ల పరుగు, డిస్కస్ త్రో, 1500 మీటర్ల పరుగు) థోర్ప్ ప్రథముడుగా నిలిచాడు. ఐదవదైన జావెలిన్ త్రోలో మూడవ స్థానం పొందాడు. మూడు రోజులపాటు జరిగిన డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు సాధించాడు. రెండవ స్థానం పొందిన స్వీడన్ క్రీడాకారుడు హ్యూగో వీస్లాండర్‌కు, ఇతనికి మధ్య దాదాపు 690 పాయింట్ల అంతరం ఉంది. ఇవి కాక విడిగా హైజంప్‌లో నాలుగవ స్థానం, లాంగ్ జంప్‌లో ఏడవ స్థానం పొందాడు. ఒక ఫోటోలో థోర్ప్ రెండు కాళ్ళకు వేరువేరు బూట్లతో కనిపిస్తాడు. ఇతని బూట్లు ఎవరో దొంగిలించగా దొరికిన బూట్లు తొడుక్కుని పోటీచేసాడని చెబుతారు. స్వీడన్ రాజు ఐదవ గుస్తావ్ స్వయంగా బహుమతులు అందజేసి ఇతనిని ప్రశంసించాడు. అమెరికాకు తిరిగి వచ్చిన తరువాత న్యూయార్క్ నగరంలో ఒలింపిక్ విజేతలకు ఘనమైన ఊరేగింపు జరిగింది.

1912 ఫుట్‌బాల్ సీజన్

ఒలింపిక్స్ అనంతరం ఇతర సంస్థలనుండి సొమ్ము సంపాదించే అవకాశాలు వచ్చినా థోర్ప్ కార్లైల్‌కే తిరిగివెళ్ళి మరొక ఫుట్‌బాల్ సీజన్ ఆడాడు. ఆ సంవత్సరమే ఆట నియమాలలో ముఖ్యమైన మార్పులు జరిగాయి. పది గజాలు ముందుకు సాగడానికి అంతకుముందు మూడు ప్రయత్నాలు ఉండగా వాటిని నాలుగు చేసారు. టచ్‌డౌన్ విలువను 5 నుండి 6 పాయింట్లకు పెంచారు. మైదానం పొడవును 100 గజాలుగా నిర్ణయించి, రెండు చివరల పదేసి గజాల ఎండ్ జోన్‌లు ఏర్పరచారు. ఫార్వర్డ్ పాస్ దూరంపై ఉన్న పరిమితిని కూడా తొలగించారు. ఈ మార్పులన్నీ వేగంగా పరుగెత్తే, బంతిని విసిరే జట్లకు అనుకూలించాయి. కార్లైల్ అటువంటి జట్టే.

థోర్ప్ హాఫ్‌బ్యాక్ స్థానంలో ఆడాడు. ఒజిబ్వే తెగకు చెందిన గస్ వెల్ష్ క్వార్టర్‌బ్యాక్. అలెక్స్ అర్కాసా, జో గయన్ మొదలైనవారు ఇతర ముఖ్య ఆటగాళ్ళు. ఆ రోజులలో ఒక్కొక్క ఆటగాడు దాడిలోను, రక్షణలోను రెండు వైపులా ఆడవలసి వచ్చేది. థోర్ప్ బంతి పట్టుకుని పరుగెత్తడం, పాస్ విసరడం, తన్నడం, ప్రత్యర్థులను పడగొట్టడం అన్నీ చేసేవాడు.

సీజన్ మొదటి వారాలలో చిన్న కళాశాలల జట్లపై కార్లైల్ సునాయాసంగా గెలిచింది. వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కళాశాలతో పోటీ మాత్రం 0-0తో సమమైంది. ఆ తరువాత, క్రిందటి ఏడాది తమను ఓడించిన సిరక్యూజ్‌ను 33-0తో ఓడించి కక్ష తీర్చుకుంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంపై 45-8తో గెలిచింది. జార్జ్‌టౌన్, లీహై జట్లను కూడా ఓడించింది. కెనడాలోని టొరంటోకు వెళ్ళి అక్కడి జట్టుపైన కూడా నెగ్గింది.

ఆర్మీతో పోటీ

నవంబరు 9న న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ మైదానంలో ఆర్మీ జట్టుతో జరిగిన పోటీ ఈ సీజన్‌లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది. వెస్ట్ పాయింట్ అమెరికా సైన్యానికి అధికారులను తయారుచేసే విద్యాసంస్థ. ఆదివాసులపై అమెరికా సైన్యం జరిపిన యుద్ధాలు అప్పటికి ఇంకా జ్ఞాపకాలనుండి చెరగలేదు. సౌత్ డకోటాలోని వూండెడ్ నీ వద్ద లకోటా తెగవారిని సైన్యం ఊచకోత కోసినది 1890లో, అనగా ఈ పోటీకి 22 సంవత్సరాల ముందు. కార్లైల్ ఆటగాళ్ళ తల్లిదండ్రుల తరం ఆ యుద్ధాలను చూసిన తరం. అందువలన ఈ పోటీకి ఆటను మించిన ప్రాధాన్యత ఉన్నదని ఇరుపక్షాలకు తెలుసు.

ఈ పోటీ కొరకు వార్నర్ డబుల్ వింగ్ అనే కొత్త వ్యూహాన్ని సిద్ధం చేసాడు. ఇందులో ఇద్దరు ఆటగాళ్ళను వెనుక వరుసనుండి రెండు పక్కలకు జరిపి నిలబెడతారు. దానివలన బంతి ఎటువైపు వెళుతుందో, పరుగెత్తుతారో లేక పాస్ విసురుతారో ప్రత్యర్థులకు అంతుచిక్కదు. ఆర్మీ మొదట ఒక టచ్‌డౌన్ చేసి 6-0 ఆధిక్యం పొందింది. ఆ తరువాత మరొక పాయింటు సాధించలేకపోయింది. కార్లైల్ నాలుగు టచ్‌డౌన్లు చేసింది. వాటిలో మూడు అర్కాసా చేసినవి. థోర్ప్ ప్రత్యర్థులను తనవైపు ఆకర్షించి సహచరులకు దారి ఏర్పరచాడు. ఇతడు మైదానం ఈ చివరనుండి ఆ చివరకు చేసిన ఒక సుదీర్ఘమైన పరుగును, సహచరుడి తప్పిదంవలన న్యాయనిర్ణేతలు రద్దు చేసారని చెబుతారు. ఆర్మీ నాయకుడు లీలండ్ డివోర్ కార్లైల్ ఆటగాడితో దురుసుగా ప్రవర్తించినందుకు మైదానం విడిచి వెళ్ళవలసి వచ్చింది. కార్లైల్ 27-6తో గెలిచింది.

ఆర్మీ తరఫున ఆడినవారిలో డ్వైట్ ఐసెన్‌హోవర్ ఒకడు. ఇతడే తరువాతి కాలంలో రెండవ ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల సేనాధిపతి, ఆపై అమెరికా అధ్యక్షుడు అయ్యాడు. థోర్ప్‌ను ఎలాగైనా ఆపాలని ఐసెన్‌హోవర్, మరొక ఆటగాడు కలిసి చేసిన ప్రయత్నం ఫలించలేదు. థోర్ప్ ఆటను గురించి ఐసెన్‌హోవర్ జీవితాంతం ప్రశంసాపూర్వకంగా చెబుతూ వచ్చాడు. కొద్దిరోజుల తరువాత మరొక జట్టుతో ఆడుతూ ఐసెన్‌హోవర్ మోకాలికి తీవ్రమైన గాయం చేసుకున్నాడు. దానితో ఇతని ఫుట్‌బాల్ జీవితం ముగిసింది.

సీజన్ ముగింపు

ఆర్మీపై గెలిచిన వారానికే, నవంబరు 16న, కార్లైల్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేతిలో 34-26తో ఓడిపోయింది. ఈ సీజన్‌లో జట్టుకు ఇది ఒక్కటే ఓటమి. తరువాత స్ప్రింగ్‌ఫీల్డ్ జట్టుపై 30-24తో గెలిచింది. నవంబరు 28న థాంక్స్ గివింగ్ పండుగ రోజున బ్రౌన్ విశ్వవిద్యాలయంపై 32-0తో గెలిచి సీజన్ ముగించింది. కార్లైల్ తరఫున థోర్ప్ ఆడిన చివరి పోటీ ఇదే. ఆ సీజన్‌లో ఇతడు కనీసం 25 టచ్‌డౌన్లు చేసాడు. వాల్టర్ క్యాంప్ ఆల్-అమెరికన్ జట్టులో వరుసగా రెండవసారి స్థానం పొందాడు. ఆ కాలంలో జాతీయ విజేతను తేల్చే అంతిమ పోటీ ఏదీ లేదు. కాని దేశంలో ఆ ఏడాది ఆడిన అత్యుత్తమ జట్లలో కార్లైల్ ఒకటని చరిత్రకారులు అంగీకరిస్తారు.

పతకాల రద్దు

1913 జనవరి నెలాఖరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ టెలిగ్రామ్ పత్రిక, థోర్ప్ సొమ్ము తీసుకుని బేస్‌బాల్ ఆడిన సంగతిని ప్రచురించింది. అప్పటి ఒలింపిక్ నియమాల ప్రకారం ఏ క్రీడలోనైనా ప్రతిఫలం పొందినవారు పాల్గొనడానికి అనర్హులు. థోర్ప్ విషయాన్ని దాచలేదు. అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ కార్యదర్శి జేమ్స్ సలివన్‌కు లేఖ వ్రాసి ఆడిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. తాను నియమాలు తెలియని విద్యార్థినని, ఇతరులవలె మారుపేరు పెట్టుకోలేదని అందులో వివరించాడు. ఆ సంగతి తమకు ముందుగా తెలియదని వార్నర్, పాఠశాల అధికారులు ప్రకటించారు. థోర్ప్ రెండు సంవత్సరాలు ఎక్కడికి వెళ్ళాడో వారికి తెలియకపోవడం నమ్మశక్యం కాదని పలువురు జీవితచరిత్రకారుల అభిప్రాయం.

యూనియన్ ఇతని ఔత్సాహిక హోదాను రద్దుచేసింది. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం కూడా అదే నిర్ణయం తీసుకుని ఇతని పేరును విజేతల జాబితానుండి తొలగించింది. పతకాలు వెనక్కు పంపవలసి వచ్చింది. పెంటాథ్లాన్ స్వర్ణం నార్వేకు చెందిన ఫెర్డినాండ్ బీకి, డెకాథ్లాన్ స్వర్ణం వీస్లాండర్‌కు దక్కాయి.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. పోటీదారుల అర్హతపై అభ్యంతరాలను క్రీడలు ముగిసిన 30 రోజులలోగా తెలియజేయాలని 1912 ఒలింపిక్స్ నియమావళిలోనే స్పష్టంగా ఉంది. పత్రికలో వార్త వచ్చేటప్పటికి సుమారు ఆరు నెలలు గడిచిపోయాయి. అనగా ఒక నియమాన్ని అతిక్రమించాడని థోర్ప్‌ను శిక్షించినవారు, అదే నియమావళిలోని మరొక నియమాన్ని తామే అతిక్రమించారు. 

కార్లైల్ పతనం

1914లో అమెరికా కాంగ్రెసు సభ్యుల సంఘం కార్లైల్ పాఠశాల పరిస్థితులపై విచారణ జరిపింది. ఈ విచారణ కోరుతూ విద్యార్థులు సంతకాలు చేసి పంపిన విజ్ఞప్తి వెనుక గస్ వెల్ష్ కృషి ఉంది. విద్యార్థులను కొట్టడం, క్రీడల నిధిని ఇష్టానుసారం ఖర్చుచేయడం వంటి విషయాలు ఈ విచారణలో బయటపడ్డాయి. సూపరింటెండెంట్ మోజెస్ ఫ్రీడ్‌మన్ పదవి కోల్పోయాడు. వార్నర్ కార్లైల్ వదిలి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1918లో ప్రభుత్వం పాఠశాలను మూసివేసి, ఆ భవనాలను మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల ఆసుపత్రిగా మార్చింది. దానితో కార్లైల్ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర కూడా ముగిసింది.

వృత్తి క్రీడాజీవితం

ఔత్సాహిక హోదా పోయిన వెంటనే థోర్ప్ 1913లో న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టులో చేరాడు. అదే సంవత్సరం కార్లైల్‌లో తనతో చదివిన ఐవా మిల్లర్‌ను వివాహమాడాడు. వారికి నలుగురు సంతానం. వారిలో పెద్దవాడు పసితనంలోనే మరణించడం థోర్ప్‌ను బాగా కృంగదీసింది. 1919 వరకు జెయింట్స్, సిన్సినాటి రెడ్స్, బోస్టన్ బ్రేవ్స్ జట్ల తరఫున ఇతడు మొత్తం 289 మేజర్ లీగ్ ఆటలు ఆడాడు.

1915 నుండి ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ బుల్‌డాగ్స్ జట్టు తరఫున వృత్తి ఫుట్‌బాల్ ఆడాడు. ఒక్కో ఆటకు 250 డాలర్ల ప్రతిఫలం పొందాడు. అప్పటికి అది చాలా పెద్ద మొత్తం. వృత్తి ఫుట్‌బాల్‌కు థోర్ప్ పేరు వేలమంది ప్రేక్షకులను తెచ్చింది. 1916, 1917, 1919 సంవత్సరాలలో కాంటన్ జట్టు విజేతగా నిలిచింది. 1920 సెప్టెంబరులో కాంటన్ నగరంలో అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడినపుడు థోర్ప్‌ను అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. 1922లో ఈ సంస్థ నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అనే పేరు పెట్టుకుంది.

1922, 1923 సంవత్సరాలలో ఊరాంగ్ ఇండియన్స్ అనే జట్టుకు థోర్ప్ ఆటగాడు, శిక్షకుడు కూడా. ఈ జట్టులో ఆదివాసులే ఉండేవారు. వారిలో కార్లైల్ పూర్వవిద్యార్థులు పలువురు. జట్టు యజమాని కుక్కల వ్యాపారి. తన ఎయిర్‌డేల్ జాతి కుక్కల ప్రచారం కొరకే జట్టును నడిపాడు. ఆట విరామ సమయంలో ఆటగాళ్ళు ఆదివాసి వేషాలతో ప్రేక్షకులకు వినోదం కల్పించవలసి వచ్చేది. ఒక తరానికి ముందు కార్లైల్ పాఠశాల బలవంతంగా విప్పించిన వేషాలనే ఇక్కడ సొమ్ము కొరకు వేయించారు. థోర్ప్ 1928లో, 41 ఏళ్ళ వయసులో, ఫుట్‌బాల్ నుండి విరమించాడు.

చివరి దశ

ఆట మానిన తరువాత థోర్ప్‌కు స్థిరమైన ఉపాధి దొరకలేదు. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం పరిస్థితిని మరింత దిగజార్చింది. హాలీవుడ్ చిత్రాలలో చిన్నచిన్న వేషాలు వేసాడు, మట్టి త్రవ్వే కూలిపని చేసాడు. మద్యపానం అలవాటు ఇతనిని బాధించింది. రెండు వివాహాలు విడాకులతో ముగిసాయి. 1932లో లాస్ ఏంజెల్స్‌లో ఒలింపిక్స్ జరిగినపుడు టిక్కెట్టు కొనే స్థోమత కూడా ఇతనికి లేదని పత్రికలలో వచ్చింది. అప్పటి ఉపాధ్యక్షుడు, కా తెగ సంతతికి చెందిన చార్లెస్ కర్టిస్ ఇతనిని ఆహ్వానించి తన వద్ద కూర్చుండబెట్టుకున్నాడు.

1945లో థోర్ప్ మూడవ వివాహం చేసుకున్నాడు. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ క్రీడావిలేఖరుల మధ్య నిర్వహించిన ఎన్నికలో, శతాబ్దపు మొదటి అర్ధభాగంలో అత్యుత్తమ క్రీడాకారునిగా థోర్ప్ ఎన్నికయ్యాడు. 1951లో ఇతని జీవితం ఆధారంగా బర్ట్ లాంకాస్టర్ కథానాయకునిగా చలనచిత్రం విడుదలైంది. కథ హక్కులను చాలా ఏళ్ళ క్రితమే స్వల్ప మొత్తానికి అమ్ముకొని ఉండడంవలన ఆ చిత్రం ఇతని ఆర్థిక స్థితిని మార్చలేదు. అదే సంవత్సరం పెదవి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగినపుడు ఆసుపత్రిలో ధర్మరోగిగా చేరవలసి వచ్చింది.

మరణం, సమాధి వివాదం

1953 మార్చి 28న కాలిఫోర్నియా రాష్ట్రంలోని లొమీటాలో థోర్ప్ గుండెపోటుతో మరణించాడు. ఓక్లహోమాలో తెగ ఆచారం ప్రకారం అంత్యక్రియలు మొదలయ్యాయి. అవి పూర్తికాకముందే మూడవ భార్య శవపేటికను తీసుకుపోయింది. స్మారకం నిర్మించడానికి అంగీకరించిన పెన్సిల్వేనియాలోని మాక్ చంక్, ఈస్ట్ మాక్ చంక్ అనే రెండు ఊళ్ళకు ఆమె దేహాన్ని అప్పగించింది. ఆ రెండు ఊళ్ళు 1954లో కలిసిపోయి జిమ్ థోర్ప్ అనే పేరు పెట్టుకున్నాయి. థోర్ప్ జీవించి ఉండగా ఆ ఊరికి ఇతనితో సంబంధమేమీ లేదు. తండ్రి అవశేషాలను సొంత గడ్డకు తీసుకుపోవాలని 2010లో కుమారుని తరఫున న్యాయస్థానంలో దావా వేయబడింది. 2013లో క్రింది న్యాయస్థానం అనుకూలంగా తీర్పునిచ్చినా, 2014లో పై న్యాయస్థానం దానిని త్రోసిపుచ్చింది. 2015లో సుప్రీంకోర్టు ఈ విషయంలో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

పతకాల పునరుద్ధరణ

1912 ఒలింపిక్స్‌లో థోర్ప్‌తోబాటు పోటీచేసిన ఏవరీ బ్రండేజ్ 1952 నుండి 1972 వరకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘానికి అధ్యక్షుడు. పతకాలు తిరిగి ఇవ్వాలన్న విజ్ఞప్తులను ఇతడు అంగీకరించలేదు. 1973లో అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్ థోర్ప్ ఔత్సాహిక హోదాను పునరుద్ధరించింది. జీవితచరిత్రకారుడు రాబర్ట్ వీలర్, అతని భార్య ఫ్లారెన్స్ రిడ్లన్ 1912 నాటి నియమావళి ప్రతిని వెలికితీసి 30 రోజుల గడువు సంగతిని బయటపెట్టారు. దాని ఫలితంగా 1982 అక్టోబరులో ఒలింపిక్ సంఘం నిర్ణయం మార్చుకుంది. 1983 జనవరిలో నమూనా పతకాలను థోర్ప్ సంతానానికి అందజేసింది. అసలు పతకాలు అంతకుముందే ప్రదర్శనశాలలనుండి దొంగతనానికి గురయ్యాయి, మరల దొరకలేదు. అయితే అప్పుడు థోర్ప్‌ను బీ, వీస్లాండర్‌లతో పాటు సహవిజేతగా మాత్రమే గుర్తించారు.

ఆదివాసి సంఘాలు, ఇతని అభిమానులు దీనితో తృప్తిపడక ఉద్యమం కొనసాగించారు. వీస్లాండర్ తాను నిజమైన విజేతనని ఎన్నడూ భావించలేదని అతని కుటుంబం తెలియజేసింది. స్వీడన్, నార్వే ఒలింపిక్ సంఘాలు కూడా అభ్యంతరం చెప్పలేదు. డెకాథ్లాన్ పోటీ ముగిసి సరిగా 110 సంవత్సరాలు నిండిన రోజున, 2022 జూలై 15న, రెండు పోటీలలోను థోర్ప్ ఒక్కడే విజేత అని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ప్రకటించింది.

గుర్తింపు, విశేషాలు

1951లో కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, 1963లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ప్రారంభించినపుడు ఎంపికచేసిన మొదటి బృందంలో థోర్ప్‌కు స్థానం లభించింది.

థోర్ప్ తన దేశం తరఫున పతకాలు గెలిచిన 1912లో అమెరికా ఆదివాసులలో అనేకులకు ఆ దేశ పౌరసత్వం లేదు. వారందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం 1924లో వచ్చింది.

2024 మేలో అమెరికా ప్రభుత్వం థోర్ప్‌కు మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ పురస్కారాన్ని ప్రకటించి, ప్రదానం చేసింది. అదే సంవత్సరం అక్టోబరులో అధ్యక్షుడు జో బైడెన్, ఆదివాసి పిల్లలను కుటుంబాలనుండి వేరుచేసిన ప్రభుత్వ వసతి పాఠశాలల విధానానికి దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. డిసెంబరులో కార్లైల్ పాఠశాల స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు.